గురి పుట్టుకతో వచ్చేది కాదు: కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక శనివారం ప్రాక్టీసు అయిపోయాక ఒక తండ్రి నా కారు దాకా వచ్చి నిలబడ్డాడు. "అన్నా, మావాడికి గురి లేదు. వేరే పొజిషన్‌కి మార్చమంటారా, అసలు మాన్పించెయ్యమంటారా?" పిల్లాడికి పన్నెండేళ్ళు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్‌లు విసిరి జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. ఆ వారంలో ఇదే ప్రశ్న నన్ను అడగడం అది మూడోసారి.

ఆయన ఒంటి మీద బఫలో బిల్స్ 17వ నంబరు జెర్సీ ఉంది. మా ఊరి ఎన్ఎఫ్ఎల్ జట్టు బిల్స్‌కి క్వార్టర్‌బ్యాక్ అయిన జాష్ అలెన్ జెర్సీ. "వీడికి గురి లేదు, నేర్పినా రాదు" అని 2018లో ఈ బఫలో ఊరు ఊరంతా అన్నది ఆ కుర్రాడి గురించే.

నేను గుంటూరు నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చి ఉండిపోయినవాణ్ణి. వారమంతా ఉద్యోగం, శని ఆదివారాలు మైదానం. బఫలో శివార్లలో పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు క్వార్టర్‌బ్యాక్ ఆట నేర్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో పిల్లల చేత ఆట మాన్పించిన మాటలు చాలా విన్నాను. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఒక్కటే. దాని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: గురి పుట్టుకతో రావాలి. నేర్పితే వచ్చేది కాదు.

ముందు లెక్కలు చూడండి. వయోమింగ్ యూనివర్సిటీలో ఆడిన చివరి రెండేళ్ళూ అలెన్ కంప్లీషన్, అంటే వేసిన పాస్‌లలో తనవాళ్ళ చేతికి చేరినవి, 56 శాతం దగ్గరే ఆగిపోయింది. లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే 2018 డ్రాఫ్ట్‌లో బిల్స్ 12వ స్థానం నుంచి పైకి ఎగబాకి మరీ 7వ పిక్‌తో అతన్ని తీసుకున్నారు. మొదటి ఏడాది 52.8 శాతం. లీగ్ సగటు అప్పటికి సుమారు 65. స్కోరు తెచ్చిన టచ్‌డౌన్ పాస్‌లు పది, ఎదుటి జట్టు పట్టేసిన పాస్‌లు, అంటే ఇంటర్‌సెప్షన్లు, పన్నెండు. రెండో ఏడాది 58.8. మూడో ఏడాది, 2020లో, 69.2 శాతం, 4,544 గజాలు, 37 టచ్‌డౌన్లు. అదే మనిషి, అదే చెయ్యి. పుట్టుకతో రానిది ఇరవై నాలుగో ఏట ఎక్కణ్ణించి వచ్చింది?

పాదాల నుంచి వచ్చింది. కళ్ళ నుంచి వచ్చింది. గురి చేతిలో ఉంటుందనుకోవడంలోనే తప్పంతా ఉంది.

కుడిచేత్తో వేసే పిల్లాడికి ఎడమ పాదం ముందు పడుతుంది. ఆ అడుగు మరీ పొడుగైతే బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, నడుము తిరగదు. నడుము తిరగకపోతే బంతి భారమంతా చెయ్యే మోయాలి. అప్పుడు బంతి, దాన్ని అందుకోవాల్సిన రిసీవర్ తల మీదుగా లేచిపోతుంది. మైదానం బయట కూర్చున్నవాళ్ళకు కనిపించేది ఆ లేచిపోయిన బంతి ఒక్కటే. "గురి లేదు" అనేస్తారు. ఆ అర్ధ సెకను ముందు పాదం ఎక్కడ పడిందో ఎవరూ చూడరు.

అలెన్ ఆటలు లేని నెలల్లో కాలిఫోర్నియాలో జోర్డన్ పామర్ అనే ప్రైవేటు కోచ్ దగ్గర కూర్చుని దిద్దుకున్నది ఈ వరసనే: ముందు పాదం, తర్వాత నడుము, తర్వాత భుజం, ఆఖరున చెయ్యి. ఇక్కడ బఫలోలో అప్పట్లో ఆఫెన్స్ (దాడి ఆట) చూసిన కోచ్ బ్రయన్ డేబోల్ అతన్ని వదల్లేదు, 2019 నుంచి కెన్ డోర్సీ క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాది అలెన్ ఎంతసేపూ లోతు పాస్ కోసమే చూసి, తనవాళ్ళు చుట్టూ కాపు కాసే పాకెట్‌లోంచి పరుగెత్తేవాడు. దగ్గర్లో ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇచ్చెయ్యడం నెమ్మదిగా నేర్చుకున్నాడు. కంప్లీషన్ శాతం అన్నది గురికి కొలబద్ద అని జనం అనుకుంటారు. అందులో ఎటువంటి పాస్ ఎంచుకున్నాడన్నది సగం ఉంటుంది. ఇరవై గజాల పాస్‌లే వేసేవాడి శాతం, అయిదు గజాల పాస్‌లు వేసేవాడి శాతం ఒక తాసులో తూచకూడదు.

గుంటూరులో నేను ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకునేటప్పుడు మా సీనియర్ ఒకాయన పిచ్ మీద రుమాలు పరిచేవాడు. నేను రుమాలు మీద వెయ్యలేకపోతే ఆయన రుమాలు వైపు చూసేవాడు కాదు, క్రీజు దగ్గర నా ముందు కాలు వైపు చూసేవాడు. బంతి ఎక్కడ పడుతుందన్నది కాలు పడ్డప్పుడే తేలిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆట మారింది గానీ నేను ఇప్పటికీ చూసేది ముందు కాలే.

కొన్నేళ్ళ కిందటి సంగతి. నా దగ్గర నేర్చుకునే పదమూడేళ్ళ కుర్రాణ్ణి, వాడు ఆడే జట్టువాళ్ళు రెండు మ్యాచ్‌లు చూసి "గురి లేదు" అని ముందు వరసలో అడ్డు నిలిచే లైన్‌లోకి మార్చేశారు. వాడి అడుగు అప్పటికి సగం దారికొచ్చింది. ఇంకో ఆరు వారాలు ఓపిక పడితే బాగుండేది. ఆ సీజన్ అయ్యేలోపు వాడు ఆటే మానేశాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "తమ్ముడూ, వాడు ఆ బంతిని గరాజ్‌లో అట్టపెట్టెలో పెట్టి టేప్ వేసేశాడయ్యా" అంది. ఆ టేప్ వేసిన పెట్టె నా కళ్ళ ముందునుంచి పోలేదు. అందుకే ఈ మాట ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఓపిక ఉండదు.

అపోహ: తప్పులు చేస్తున్నాడంటే ఎదగట్లేదనే అర్థం.

చూడాల్సింది తప్పుల సంఖ్య కాదు, తప్పుల రకం. పోయినేడాది చేసిన తప్పే ఈ ఏడాదీ చేస్తుంటే బెంగపడండి. కొత్త తప్పు చేస్తున్నాడంటే పాతదాన్ని దాటాడు.

2020 జనవరి 4న హ్యూస్టన్‌లో ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ గుర్తుందా? బిల్స్ 16-0తో ముందున్నారు. చివరికి ఓవర్‌టైమ్‌లో 22-19తో ఓడారు. ఆఖర్లో డిఫెండర్లు లాగేస్తుంటే అలెన్ బంతిని వెనక్కి తన జట్టువాడు డాసన్ నాక్స్ వైపు విసిరేశాడు. మా గదిలో పదిమందిమి ఒకేసారి లేచి నిలబడ్డాం. ఆ రాత్రి నేను కూడా "వీడితో కాదు" అన్నాను. కోచ్‌ని అయ్యుండి అన్నాను, అది తప్పు. ఎందుకంటే ఆ మ్యాచ్ మర్నాడు మళ్ళీ వేసుకుని చూస్తే పాకెట్‌లో అతని కాళ్ళు ఏడాది కిందటి కాళ్ళు కావు. ఆఖర్లో పోయింది గురి కాదు, నెమ్మది. తొందర తగ్గించడం కాళ్ళు దిద్దడం కన్నా సులువు.

అపోహ: అప్పుడు అనుమానించినవాళ్ళకి ఆట తెలీదు.

ఈ మాట అనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. "నేను మొదట్నుంచీ నమ్మాను" అని ప్రతివాడూ అంటున్నాడు. బఫలో అభిమానుల బాధ తెలిసినవాళ్ళు అలా అనరు. 2000 నుంచి 2016 దాకా వరసగా పదిహేడు సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడని ఊరు ఇది. పాతరోజుల బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ వెళ్ళిపోయాక ఎంతమంది క్వార్టర్‌బ్యాక్‌లు వచ్చారో, ఎంతమంది మీద ఆశ పెట్టుకున్నారో! 2013లో మొదటి రౌండులో తీసుకున్న ఈజే మాన్యుయెల్ నిలబడలేదు. 2017లో నేథన్ పీటర్‌మన్ మొదటిసారి స్టార్ట్ చేసిన మ్యాచ్‌లో మొదటి సగంలోనే అయిదు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. 2018 సీజన్ బాల్టిమోర్‌లో 47-3 ఓటమితో మొదలైంది. చెయ్యి కాలినవాళ్ళు భయపడితే అది తెలివితక్కువ కాదు. 56 శాతం చూసి అనుమానించడం సబబే. ఆ 56ని నుదుటి రాత అనుకోవడం ఒక్కటే తప్పు.

ఆ 2018 సెప్టెంబరులోనే మినియాపొలిస్‌లో అలెన్ వైకింగ్స్ డిఫెండర్ ఆంథొనీ బార్ మీదుగా ఎగిరి దూకాడు, బిల్స్ 27-6తో గెలిచారు. ఆ రోజు కొంతమంది మనసు మార్చుకున్నారు. నాకు మాత్రం ఊరు మారింది 2020 నవంబరులో కనిపించింది. అలెన్ వాళ్ళ నాయనమ్మ చనిపోయిన మర్నాడే సియాటిల్ మీద ఆడి 415 గజాలు వేసి గెలిపించాడు. సంగతి తెలిశాక అభిమానులు ఎవరూ చెప్పకుండానే ఆమె పేరు మీద ఇక్కడి ఓయిషై పిల్లల ఆసుపత్రికి, అలెన్ జెర్సీ నంబరు లెక్కన, పదిహేడేసి డాలర్లు పంపడం మొదలుపెట్టారు. మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. నేనూ, మా ఆవిడా రాత్రి వంటింట్లో కూర్చుని మా పదిహేడు పంపాం. నాతోపాటు హ్యూస్టన్ రాత్రి "వీడితో కాదు" అన్న పదిమందిలో తొమ్మిదిమంది పంపారు.

అపోహ: 2020లో రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు కాబట్టే అలెన్ బాగుపడ్డాడు.

డిగ్స్ వల్ల మేలు జరిగింది. 2020లో 127 క్యాచ్‌లు, 1,535 గజాలు, రెండిట్లోనూ లీగ్ మొదటి స్థానం. కానీ 2024లో డిగ్స్ హ్యూస్టన్ వెళ్ళిపోయాడు. ఆ ఏడాది బిల్స్‌లో 1000 గజాలు దాటిన రిసీవర్ ఒక్కడూ లేడు. అలెన్ ఆరే ఇంటర్‌సెప్షన్లిచ్చి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. ఈ వాదన అక్కడితో ముగిసిపోవాలి.

అపోహ: మొదటి ఏడాదే తేలిపోతుంది.

పేటన్ మానింగ్ 1998లో మొదటి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ట్రాయ్ ఎయిక్‌మన్ 1989లో స్టార్ట్ చేసిన పదకొండు మ్యాచ్‌లూ ఓడాడు. అలెన్‌తో పాటే 2018లో 3వ పిక్‌గా వచ్చిన శామ్ డార్నాల్డ్‌ని జెట్స్ వదిలేశారు. 2024లో అతనితో వైకింగ్స్ 14 మ్యాచ్‌లు గెలిచారు. 2018లోనే 10వ పిక్ జాష్ రోజెన్‌ది చూడముచ్చటైన త్రో అన్నారు. ఏడాదికే అరిజోనా పంపించేసింది.

అపోహ: అలెన్ మారాడు కాబట్టి, చెయ్యి బలమున్న ప్రతి కుర్రాడూ మారతాడు.

ఇది మొదటి అపోహకి తిరగేసిన బొమ్మ. ఆశ పెట్టుకున్న తల్లిదండ్రుల్ని ఇదే ఎక్కువ ఏడిపిస్తుంది. 2023లో ఇండియనాపొలిస్ 4వ పిక్‌తో తీసుకున్న ఆంథొనీ రిచర్డ్‌సన్‌ని అందరూ "ఇంకో అలెన్" అన్నారు. చెయ్యి అంత బలం, ఒళ్ళు అంత బలం. గాయాలు వెంటాడాయి, 2024లో కంప్లీషన్ 47.7 శాతం, తర్వాతి ఏడాది చోటు డేనియల్ జోన్స్‌కి పోయింది. ఆ కుర్రాడు కష్టపడలేదని నేను అనను. మారడానికి అవకాశం ఉండటం వేరు, మారి తీరడం వేరు. అలెన్‌కి హైస్కూల్ అయ్యాక పెద్ద యూనివర్సిటీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. రీడ్లీ కమ్యూనిటీ కాలేజీలో ఒక ఏడాది ఆడి, దేశమంతా కోచ్‌లకు ఈమెయిళ్ళు పెట్టుకున్నాడు. పిలిచింది వయోమింగ్, ఈస్టర్న్ మిచిగన్ మాత్రమే. ఇరవై ఏళ్ళకే తిరస్కారం మింగి మళ్ళీ మొదలుపెట్టడం అతనికి అలవాటు. డేబోల్ వరసగా నాలుగేళ్ళు ఉన్నాడు. హెడ్ కోచ్ మెక్‌డర్మాట్ కూడా ఆ నాలుగేళ్ళూ మారలేదు. కుర్రాడికి ఏడాదికో కోచ్‌ని మారిస్తే ఏ పాదం దిద్దుకుంటాడు, ఎవరి మాట వింటాడు?

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. బరువు బంతులు కొనకండి. పన్నెండేళ్ళవాడి మోచెయ్యి దానికి తయారుగా ఉండదు. వాట్సాప్‌లో తిరిగే "ముప్పై రోజుల్లో గురి" వీడియోలు పంపకండి, నేను తెరవను. బెంచ్ మీద కూర్చుంటే పిల్లాడు పాడైపోడు. జోర్డన్ లవ్ ఆరన్ రోజర్స్ వెనక మూడేళ్ళు కూర్చున్నాడు. పొట్టివాడైతే పనికిరాడన్నది వదిలెయ్యండి. ఇంట్లో భోజనాల దగ్గర పిల్లాడి శాతాలు చదవకండి. అది మాత్రం దయచేసి మానండి.

కారు దగ్గరికొచ్చిన ఆ తండ్రికి నేను అవుననీ కాదనీ చెప్పలేదు. ఒక పని చెప్పాను. గడ్డి మీద సున్నంతో ఒక గీత గియ్యండి, మీవాడి అడుగు దాన్ని దాటకూడదు. ఫోన్ నేల మీద పెట్టి పాదాలు మాత్రమే తియ్యండి. బంతి కనపడక్కర్లేదు, పట్టుకున్నాడో లేదో మీ నోటితో చెప్పండి చాలు.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో వచ్చింది. ఇరవై పాస్‌లు. పదమూడింట్లో ఎడమ పాదం గీత దాటింది, ఆ పదమూడులో పది పైకి లేచిపోయాయి. గీత దాటని ఏడింట్లో ఆరు చేతుల్లో పడ్డాయి. ఒక్కో పాస్‌కీ ఆయన గొంతు వినిపిస్తోంది: "పోయింది, పోయింది, పట్టాడు." చివరి మూడింటికి గొంతు మారింది. కింద రెండు ముక్కలు రాశాడు: "గీత ఇంకా చెరపలేదు అన్నా. రేపు పొద్దున స్కూల్‌కి ముందు ఇంకో ఇరవై వేస్తానంటున్నాడు."