టిష్యూ వాల్వ్ నిజంగా అరుగుతుందా? 1968లో తేలిపోయిందనుకున్న సంగతి

గుండెలో పాడైన కవాటం బదులు పంది, పశువుల కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్ పెట్టిన పది పదిహేనేళ్లకు, తెరుచుకుని మూసుకునే దాని రెక్కలు బిగుసుకుపోయినా, చిరిగినా "వాల్వ్ అరిగిపోయింది" అనడం అలవాటు. ఏదో బేరింగ్ అరిగినట్టు వినిపించే మాట. తీసేసిన వాల్వ్‌ను మైక్రోస్కోప్ కింద చూస్తే మాత్రం రెక్కల మీద మాక్రోఫేజ్‌లు (పరాయి పదార్థాన్ని మింగే రక్షణ కణాలు), అవి ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడిన పెద్ద కణాలు, అప్పుడప్పుడూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కనబడతాయి. శరీరం ఏళ్లపాటు దానిమీద నెమ్మదిగా చేసిన దాడికి ఆనవాళ్లవి.

1960లో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజినీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ మైట్రల్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) స్థానంలో పెట్టిన బంతి-పంజరం వాల్వ్‌తో మెకానికల్ (కృత్రిమ పదార్థాలతో చేసిన) వాల్వ్‌ల కాలం మొదలైంది. వాటితో పెద్ద బాధ రక్తపు గడ్డలు, అందుకే జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ మందు. దీన్ని తప్పించాలని 1965లో పారిస్‌లో సర్జన్లు కార్పెంటియర్, బినే పంది వాల్వ్‌ను పాదరస లవణాల ద్రావణంలో నిల్వచేసి మనిషికి పెట్టారు. ఇన్‌ఫ్లమేషన్ (శరీరం రక్షణగా తెచ్చే వాపు, మంట) కణాలు చొరబడి అలాంటి వాల్వ్‌లు కొన్నేళ్లలోనే పాడయ్యాయి. 1968లో కార్పెంటియర్ గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనానికి మారాడు. అది కణజాలంలోని కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది, శరీరం పరాయివిగా గుర్తించే యాంటిజెన్‌లను చాలావరకు కప్పేస్తుంది. వాల్వ్‌లు నిలబడ్డాయి. ఇక తిరస్కరణ సమస్య లేదు, మిగిలింది సున్నం (కాల్షియం) పట్టడమే అన్న నమ్మకం అప్పుడే పాతుకుపోయింది.

సున్నం వెనుక రసాయనశాస్త్రం నిజమే. చచ్చిన కణాలు కాల్షియాన్ని బయటికి తోయలేవు. లోపలికి చేరిన కాల్షియం కణపొరల్లోని ఫాస్ఫరస్‌తో కలిసి గట్టిపడుతుంది. గ్లూటరాల్డిహైడ్ వదిలిపెట్టిన ఆల్డిహైడ్ గుంపులూ దానికి తోడవుతాయి. అందుకే ఇథనాల్‌తో కొవ్వులు కడగడం, ఆల్డిహైడ్ గుంపులను మూసేయడం, గ్లిసరాల్‌తో పొడిగా నిల్వచేయడం వంటి పద్ధతులు వచ్చాయి. వాటి మేలు కాదనలేం. అయినా ఒక విషయం పూర్తిగా పొసగలేదు: ఒకే రకం వాల్వ్ 70 దాటినవారిలో కంటే చిన్నవయసువారిలో చాలా త్వరగా పాడవుతుంది. చిన్నవయసులో కాల్షియం మార్పిడి చురుకే, రోగనిరోధక శక్తి కూడా అంతే చురుకు.

2003లో వియన్నా నుంచి వచ్చిన నివేదిక ఈ చర్చను మళ్లీ లేపింది. కణాలను కడిగేసి, గ్లూటరాల్డిహైడ్ వాడని సినర్‌గ్రాఫ్ట్ అనే రకం పంది వాల్వ్‌లను నలుగురు పిల్లలకు పెడితే ముగ్గురు చనిపోయారు. ఒకరిలో వాల్వ్ ఏడో రోజే చిట్లింది. తీసిచూస్తే తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్. కణాలు పోయినంత మాత్రాన కొలాజెన్ చట్రం శరీరం కంట పడకుండా పోదని తేలింది. పంది, పశువుల కణజాలంలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది, మనుషుల్లో ఉండదు. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు మన రక్తంలో ముందే సిద్ధంగా ఉంటాయి. టిష్యూ వాల్వ్ పెట్టాక అవి పెరుగుతాయి. ఆ పెరుగుదల వాల్వ్ ఆయుష్షును ఎంత తగ్గిస్తుందన్నదే ఇంకా వాదన.

మెకానికల్ వాల్వ్‌లో కథ వేరు. కార్బన్ బిళ్లలకు కాదు, కుట్టు రింగుకు చుట్టిన బట్టకు శరీరం స్పందిస్తుంది. దానిమీద మచ్చకణజాలం కప్పుకోవడం మంచిదే. అది హద్దుమీరి లోపలికి పాకితే ప్యానస్ అంటారు, బిళ్ల కదలిక ఆగిపోతుంది. రక్తపు గడ్డ అడ్డుపడినా బిళ్ల ఇలాగే ఆగుతుంది. గడ్డ అయితే సాధారణంగా ఐఎన్‌ఆర్ (వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) తక్కువగా ఉండి, లక్షణాలు రోజుల్లో ముదురుతాయి. ప్యానస్ ఐఎన్‌ఆర్ సరిగ్గా ఉన్నా ఏళ్లమీద పెరుగుతుంది. సీటీ స్కాన్‌లో అడ్డుపడినది 145 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సాంద్రత కొలత), ఆపైన చూపితే ప్యానస్ వైపు మొగ్గాలి. గడ్డ కరిగించే మందుకు ప్యానస్ కరగదు, రక్తస్రావం ముప్పు మాత్రం మిగులుతుంది.

ఆపరేషన్ తర్వాత ఒకటి నుంచి మూడు నెలల్లోపు తీసిన ఎకో (గుండె అల్ట్రాసౌండ్) లేకపోతే తర్వాతి అంకెలకు అర్థమే ఉండదు. అయోర్టిక్ (గుండె నుంచి పెద్ద ధమనికి దారి) స్థానంలోని టిష్యూ వాల్వ్‌లో సగటు గ్రేడియంట్ (వాల్వ్‌కు ఇరువైపులా ఒత్తిడి తేడా) కనీసం 10 పెరిగి 20 ఎంఎంహెచ్‌జీ లేదా ఆపైకి చేరి, తెరుచుకునే వైశాల్యం కూడా తగ్గితే రెక్కలు చెడుతున్నాయని అనుమానించాలి. గ్రేడియంట్ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం తరచూ జరిగే తప్పు. రక్తహీనత, జ్వరం ఉన్నా అది పెరుగుతుంది. శరీరానికి చిన్న సైజు వాల్వ్ పడితే మొదటి రోజు నుంచే ఎక్కువ.

చురుకైన కణాలు చక్కెరలాంటి పదార్థాన్ని పీల్చుకున్న చోటు వెలిగేలా చూపే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్‌దీ ఇలాంటి తంటానే. ఇన్‌ఫెక్షన్ లేకపోయినా కుట్టు రింగు చుట్టూ తక్కువ మోతాదులో సమానంగా వెలుగు ఏళ్లతరబడి ఉండొచ్చు, ఆపరేషన్‌లో వాడిన జిగురు దగ్గరా వెలుగు వస్తుంది. ఒకచోట ముద్దగా, పొరుగు కణజాలంలోకి పాకినట్టు వెలిగితే అప్పుడు ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొర, వాల్వ్‌ల ఇన్‌ఫెక్షన్) కోసం బ్లడ్ కల్చర్‌లతో, టీఈఈతో (అన్నవాహిక గుండా తీసే ఎకో) కలిపి చూస్తారు.