మిగిలిన వాడింగ్ ముక్కలు: అపోహలు - వాస్తవాలు

బొంత కుట్టినా, రజాయి కుట్టినా, బ్యాగుకు లోపలి పొర వేసినా, అంచులు సరిచేసేసరికి జానెడు, బెత్తెడు వాడింగ్ (రెండు గుడ్డల మధ్య మెత్తదనానికి వేసే నూలు లేదా పాలియెస్టర్ పొర) ముక్కలు గుట్టగా మిగులుతాయి. కొందరు వాటిని ఊడ్చి పారేస్తారు, కొందరు చూసుకోకుండా దిండులో కుక్కేస్తారు. రెండూ నష్టమే. శ్రీకాకుళం, విజయనగరం వైపు కుట్టుమిషన్ల దగ్గర తరచూ వినిపించే మాటలనే తీసుకుని, ఏది నిజమో ఏది కాదో రాస్తున్నాం.

అపోహ: ముక్కలను సైజును బట్టి వేరు చేసుకుంటే చాలు.

వాస్తవం: ముందు చూడాల్సింది పోగు, తర్వాత మందం, ఆఖరున సైజు. షాపులో చెప్పే పేరును నమ్ముకుంటే లాభం లేదు. ఒకే షీటును ఒకచోట వాడింగ్ అంటారు, ఇంకోచోట ఫైబర్ అంటారు, మరోచోట రెక్రాన్ అంటారు. కాటన్ అని ఇచ్చిన దాంట్లోనూ పాలియెస్టర్ కలిసి ఉండొచ్చు. ఇంట్లో తేల్చుకోవడానికి నమ్మదగిన దారి మంట పరీక్ష. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, దాని మీద పటకారుతో శనగగింజంత పోగు పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. ఫ్యాను ఆపాలి, కొంగు దోపుకోవాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. నూలు అయితే వెంటనే అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేలితో నలిపితే పొడైపోతుంది. పాలియెస్టర్ మంట తగలగానే వెనక్కి ముడుచుకుని నల్లపొగతో కరుగుతుంది, చల్లారాక గట్టి నల్లపూసగా మారుతుంది. బూడిదలో గట్టి పలుకులు తగిలాయంటే మిశ్రమం. దాన్ని పాలియెస్టర్ కిందే లెక్కేయండి.

మందం తేల్చడానికి కంటి అంచనా పనికిరాదు, నొక్కుకుపోయిన షీటు పల్చగా కనిపిస్తుంది. 20 సెం.మీ. × 25 సెం.మీ. ముక్క కత్తిరించి, గ్రాముల్లో తూచి, 20తో గుణిస్తే ఆ షీటు జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. ముక్క 10 గ్రాములుంటే షీటు 200 జీఎస్‌ఎం అన్నమాట. నూలు, పాలియెస్టర్, తేలనివి అని మూడు గుడ్డ సంచులు పెట్టి, ఒక్కోదాని మీద రాసుకుంటే తర్వాత పని సగం తగ్గుతుంది.

అపోహ: ముక్కలు అతికి బొంతలో వేస్తే గట్టు తేలుతుంది, అతుకు దగ్గర విడిపోతుంది.

వాస్తవం: ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడితే గట్టు తేలడం ఖాయం, అక్కడ మందం రెట్టింపవుతుంది. అంచుకు అంచు ఆనించి కుడితే తేలదు. రెండు ముక్కలను అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ అంగుళం మధ్యలోంచి రెండింటినీ కలిపి ఒకే కోతగా కోయండి. కోత కొంచెం వంకరపోయినా పరవాలేదు, రెండు అంచులూ ఒకే వంపు తిరుగుతాయి కాబట్టి సరిగ్గా కూర్చుంటాయి. తెగిన సన్న పేలికలు తీసేసి అంచులు ఆనించండి.

జిగ్‌జాగ్ మిషన్ ఉంటే కుట్టు వెడల్పు 5 మి.మీ., పొడవు 2.5 నుంచి 3 మి.మీ. పెట్టి, కుట్టు రెండు అంచులనూ సమానంగా పట్టేలా నడపాలి. సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గించాలి, లేకపోతే షీటు సాగి అతుకు అలలు తేలుతుంది. కింద పళ్లల్లో పోగులు చిక్కుకుంటుంటే పల్చని కాగితం వేసి కుట్టి, తర్వాత చింపేయండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి నేరుగా మాత్రమే కుట్టే తొక్కుడు మిషన్లు. వాటి మీద అతుకు కింద ఒకటిన్నర అంగుళాల వెడల్పు మల్లు గుడ్డ పట్టీ వేసి, అతుకుకు అటూ ఇటూ ఒక్కో వరస కుట్టాలి. పాత నేత చీర పట్టీ ఇంకా మెత్తగా పడుతుంది. చేత్తో కుట్టేవారు హెరింగ్‌బోన్ కుట్టు (అటూ ఇటూ ఏటవాలుగా, కొసలు ఒకదాన్నొకటి దాటేలా వేసేది) వేయొచ్చు, ఒక్కో వైపు అర అంగుళం లోతు, అర అంగుళం దూరం. దారం బిగించకూడదు. అతుకుల్లో గట్టు తేలిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ బిగింపే.

ఇంకో మూడు జాగ్రత్తలు. వాడింగ్ నిలువుకన్నా అడ్డంగా ఎక్కువ సాగుతుంది, అందుకని అన్ని ముక్కలకూ నిలువు ఒకే దిక్కు ఉండాలి. నాలుగు అతుకులు ఒక మూలలో కలవకూడదు, ఇటుకల వరసలా తప్పించి పేర్చాలి. ఆఖరిది, నూలునూ పాలియెస్టర్‌నూ ఒకే బొంతలో అతకొద్దు. నూలు వాడింగ్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది, పాలియెస్టర్ కదలదు. బొంత సగం ముడతలు పడి సగం నున్నగా ఉంటే తప్పు కుట్టుది కాదు. అతుకుల బొంతకు పై కుట్టు వరసల మధ్య దూరం 3 అంగుళాలు దాటనివ్వకండి.

అపోహ: వేడిగిన్నె పట్టుకునే మసిగుడ్డకు ఏ ముక్కయినా సరిపోతుంది, మందంగా ఉంటే చాలు.

వాస్తవం: ప్రమాదం తెచ్చేది ఈ అపోహే. పాలియెస్టర్ 250 - 260 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి అణిగిపోతుంది. పెద్ద మంట మీద ఖాళీగా పెట్టిన ఇనుప అట్ల పెనం కొన్ని నిమిషాల్లోనే ఆ వేడి దాటగలదు. కరిగిన పాలియెస్టర్ చర్మానికి అతుక్కుంటుంది, దులిపినా రాలదు. అందుకే మసిగుడ్డకు మంట పరీక్షలో నూలు అని తేలిన ముక్కే వాడాలి.

కొలతలు ఇవి: 8 అంగుళాల చదరాలు, పైనా కిందా మందపాటి నూలు గుడ్డ, మధ్యలో నూలు వాడింగ్ రెండు పొరలు. పాత జీన్స్ బాగా పనికొస్తుంది. జనపనార మిల్లులున్న విజయనగరం జిల్లాలో గోనెగుడ్డకూ కొదవ లేదు, కానీ గోనె పోగు మంటకు తొందరగా అంటుకుంటుంది కాబట్టి అది కింది వైపుకే, అదీ బల్ల మీద పరిచే వాటికే. ఐమూలగా 2 అంగుళాలకొక కుట్టు వేయండి. అంతకన్నా దగ్గర వేస్తే పొర అణిగి, వేడిని ఆపే గాలి పోతుంది. అంచుకు రెండున్నర అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు పట్టీ సరిపోతుంది. కుట్టాక వేడి గిన్నె పట్టుకుని పది లెక్కపెట్టండి. ఆలోపే చేతికి సెగ తగిలితే మూడో పొర కావాలి.

తడి మసిగుడ్డతో మాత్రం ఏ పొరా కాపాడదు. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా వేడిని పంపుతుంది, పైగా ఆవిరి పుడుతుంది. తడిసినది ఆరేదాకా కొక్కేనికే ఉండాలి. అందుకే ఒకటి కాదు, రెండు కుట్టుకోవడం మంచిది.

చుట్టకుదురు సంగతీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఒకే వస్తువుకు రెండు పోగులు కావాలి. పొయ్యి మీంచి దించిన కుండకు నూలు ముక్కలు నింపిన కుదురు. నీళ్ల బిందెకు పాలియెస్టర్ నింపినది, అది తడిసినా తొందరగా ఆరుతుంది, నూలుదైతే నాలుగు రోజులకే ముక్కవాసన కొడుతుంది. 26 అంగుళాల పొడవు, ఏడున్నర అంగుళాల వెడల్పు గుడ్డను గొట్టంలా కుట్టి, ముక్కలను కర్రతో గట్టిగా కూరి, చివరలు కలిపితే 8 అంగుళాల చుట్ట వస్తుంది. కూరడం వదులైతే బిందె బరువుకు ఒక పక్కకు ఒరుగుతుంది.

అపోహ: మిగిలిన దూది కదా, దీపాల వత్తులకూ గాయాలకూ వాడుకోవచ్చు.

వాస్తవం: వత్తులకు కొంతవరకు సరే, గాయానికి అస్సలు కాదు. రెండింటికీ కారణం ఒకటే. పత్తి పోగు మీద సహజంగా మైనం పొర ఉంటుంది. మందుల షాపు దూదిని ఉడికించి, తెల్లబరిచి ఆ మైనం తీసేస్తారు, అందుకే అది నీళ్లు పీలుస్తుంది. పరుపుల దూదిని నీళ్ల గిన్నెలో వేసి చూడండి, చాలాసేపు తేలుతూనే ఉంటుంది. అది రక్తాన్ని పీల్చదు, పైగా దుమ్ము, గింజ తునకలు ఉంటాయి. బహిష్టు గుడ్డల్లో నింపడానికీ ఇదే అభ్యంతరం.

నూనెను మాత్రం ఆ మైనం అడ్డుకోదు. కొత్త పత్తి ఏకగా మిగిలిన విడి దూదితో కార్తీకమాసం వత్తులు చక్కగా వస్తాయి. షీటుగా వచ్చే నూలు వాడింగ్‌తో చేయొద్దు. చాలా రకాల్లో పొరను పట్టి ఉంచడానికి సన్నని ప్లాస్టిక్ వల గానీ జిగురు గానీ ఉంటుంది. వెలుతురుకు పట్టి నెమ్మదిగా పీకితే వల కనిపిస్తుంది. అలాంటి వత్తి చిటపటలాడుతూ మసి కడుతుంది, కొస గడ్డకట్టి ఆరిపోతుంది.

అపోహ: చిన్న ముక్కలు కత్తెరతో తరిగి కుషన్‌లో నింపితే సరి.

వాస్తవం: తరిగిన ముక్కలు మూలలతో అలాగే ఉండిపోయి, నెల తిరగకుండా ఉండలుగా చేతికి తగులుతాయి. కత్తిరించకుండా చేత్తో పొరలు పొరలుగా పీకి, పింజలు చేయాలి. 16 అంగుళాల కుషన్ కవరుకు లోపలి గలీబు 17 అంగుళాలు ఉండాలి, అప్పుడే మూలలు నిండుగా నిలబడతాయి. మొత్తం నింపుడు సుమారు 500 గ్రాములు పడుతుంది. 150 జీఎస్‌ఎం షీటు 17 × 34 అంగుళాల ముక్క ఒకటి, సుమారు 55 గ్రాములుంటుంది, దాన్ని మడతపెట్టి సంచిలా చుట్టండి. పీకిన తుక్కంతా దాని లోపలికి పోవాలి. పై షీటు నున్నగా ఉంటుంది, లోపల అతుకుల తుక్కు ఎవరికీ తెలియదు. మూలలకు ముందు కూరి, మధ్య ఆఖరున నింపండి.

అపోహ: మెత్తని తుక్కుతో పసిపిల్లకు బుల్లి దిండు కుడితే మంచిది.

వాస్తవం: ఏడాది లోపు బిడ్డ నిద్రపోయే చోట దిండు, వదులు బొంత, మెత్తని బొమ్మ ఏవీ ఉండకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ముఖం కూరుకుపోతే ఊపిరాడదు. కుట్టాలనిపిస్తే నడిచే పిల్లలకు గుడ్డబంతి కుట్టండి, గుండీలు, పూసలు లేకుండా, రెండు వరసల కుట్టుతో.

అపోహ: బాల్కనీలో తుక్కు వేలాడదీస్తే పిచ్చుకలు గూళ్లకు వాడుకుంటాయి.

వాస్తవం: వాడుకుంటాయి, అదే సమస్య. పొడుగు పోగులు పిచ్చుక పిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుస్తాయి. పిచ్చుకల మీద ప్రేమ ఉంటే వరికంకుల కుచ్చు కట్టండి.

అపోహ: పాత పరుపు దూదిని ఏకిస్తే కొత్తదానితో సమానం.

వాస్తవం: ఏకిన ప్రతిసారీ కొన్ని పోగులు తెగి పొట్టివవుతాయి. పొట్టి పోగు ఒకదాన్నొకటి పట్టుకోదు, గుడ్డ సందుల్లోంచి బయటకు వస్తుంది. పొందూరు ఖాదీలో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, శుభ్రంచేసి, పోగులను ఒక వరసకు తెచ్చాకే 100 కౌంటు లాంటి సన్న నూలు వస్తుంది. పోగు బాగుంటేనే పని బాగుంటుందన్నది పరుపు తుక్కుకూ వర్తిస్తుంది. పాత దూదిలో కొత్తది కలిపి ఏకించి, కింద కూర్చునే చాపదిండ్లకు, తలుపు కింద పెట్టే గుడ్డపాములకు వాడండి. నల్లులు పట్టినదీ, తడిసి మచ్చలు పడినదీ ఏకించొద్దు. దూది దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, ఏకే చోట మాస్కు లేకుండా నిలబడకండి.

అపోహ: ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి అటక మీద పడేస్తే ఎన్నేళ్లయినా ఉంటుంది.

వాస్తవం: పాలియెస్టర్ ఉంటుంది, నూలు ఉండదు. కళింగపట్నం, భావనపాడు, కోనాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్‌లో చిక్కిన తేమ బయటకు పోక బూజు పడుతుంది. నూలు ముక్కలను మూడు నాలుగు గంటలు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక గుడ్డసంచిలో పెట్టండి. అక్టోబరు నుంచి తుపాన్ల రోజులు కాబట్టి ఆ ముందే ఒకసారి ఎండ చూపించాలి. గుండుసూదుల దిండుకు నూలు నింపితే ఇదే తేమ సూదులకు తుప్పు పట్టిస్తుంది, అక్కడ పాలియెస్టరే మేలు. అణిగిపోయిన పాలియెస్టర్ పొంగాలంటే విదిలించి, ఇస్త్రీపెట్టెను తాకకుండా అంగుళం ఎత్తున ఆవిరి పట్టండి. నేరుగా ఇస్త్రీ చేస్తే షీటు రేకులా మారి, పెట్టెకు అంటుకుంటుంది.

అపోహ: ఎందుకూ పనికిరాని తుక్కు మట్టిలో వేస్తే కుళ్లిపోతుంది.

వాస్తవం: వల, జిగురు లేని అసలు నూలు మాత్రమే కుళ్లుతుంది, అదీ పీకి, తడిపి, పేడతో గానీ వంటింటి చెత్తతో గానీ పొరలుగా వేస్తే. ఉండగా వేస్తే నెలల తర్వాత కూడా ఉండగానే బయటపడుతుంది. కుండీ అడుగు రంధ్రం మీద పల్చగా పరిస్తే మట్టి జారకుండా కొన్నాళ్లు ఆపుతుంది. పాలియెస్టర్, మిశ్రమం మట్టిలోకి గానీ, మంటలోకి గానీ పోకూడదు. బెత్తెడు ముక్కలైతే కర్రకు రబ్బరుతో బిగించి ఫ్యాను రెక్కల దుమ్ము తుడవండి, పొడిగా రుద్దినప్పుడు పుట్టే విద్యుత్తుకు దుమ్ము తనంతట తానే అంటుకుంటుంది. వేలెడు పేలికలను ఇత్తడి సామాను, గాజు వస్తువులు పార్సిల్ కట్టేటప్పుడు సందుల్లో కూరండి. బొబ్బిలి వీణ బొమ్మల్లాంటి వార్నిష్ వేసిన చెక్క సామాను అయితే మధ్యలో మల్లు గుడ్డ చుట్టాలి, కొత్త వార్నిష్ మీద పోగులు అంటుకుంటే గీకితే తప్ప రావు.