గిట్, మెర్క్యూరియల్, ఫాసిల్: పోలిక పట్టికలు చెప్పని తేడాలు

కొత్త ప్రాజెక్టుకు వెర్షన్ కంట్రోల్ సాధనాన్ని, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌ను, ఎంచుకోవలసి వచ్చినప్పుడు చాలా బృందాలు ముందుగా వెతికేది ఫీచర్ల పోలిక పట్టికనే. బ్రాంచులు (పనిని విడిగా సాగించే పాయలు) ఉన్నాయా, ఫైలు పేరు మారితే తెలుస్తుందా, చరిత్రను సవరించవచ్చా అన్న ప్రశ్నలన్నిటికీ గిట్, మెర్క్యూరియల్ రెండింటి ఎదుటా టిక్కే కనిపిస్తుంది. ఏ సాధనం దేనిని శాశ్వతంగా రాసి ఉంచుతుందో, దేనిని తర్వాత లెక్కకట్టి చెబుతుందో ఆ టిక్కు చెప్పదు. రిపాజిటరీల (కోడ్, దాని చరిత్ర కలిసి ఉండే చోట్ల) నిర్వహణలో మాకు తరచూ ఎదురయ్యే అపోహలు చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: ఫైలు పేరు మార్పును రెండూ ఒకే విధంగా గుర్తుంచుకుంటాయి.

వాస్తవం: గిట్ పేరు మార్పును ఎక్కడా నమోదు చేయదు. ఒక కమిట్‌లో (ఒకసారి నమోదు చేసిన మార్పుల కట్టలో) ఒక ఫైలు పోయి మరొకటి వచ్చినప్పుడు, మనం చరిత్రను అడిగిన క్షణంలో ఆ రెండింటినీ పోల్చి, పోలిక యాభై శాతమైనా ఉంటే పేరు మారిందని తేలుస్తుంది. అందువల్ల పేరు మార్చిన కమిట్‌లోనే లోపలి కోడ్‌ను కూడా బాగా తిరగరాస్తే ఆ బంధం తెగిపోతుంది. మెర్క్యూరియల్ అలా కాక, మనం దాని కమాండ్‌తో పేరు మార్చినప్పుడు పాత పేరును మార్పుతో పాటే రాసి ఉంచుతుంది. కానీ ఎవరైనా ఎడిటర్‌లోనో ఫైల్ మేనేజర్‌లోనో పేరు మార్చి దానికి చెప్పకపోతే, దానికి అది ఒక తొలగింపు, ఒక కొత్త ఫైలు మాత్రమే. ఒకటి లెక్కను నమ్ముతుంది, మరొకటి మనిషి క్రమశిక్షణను నమ్ముతుంది. పెద్ద జావా ప్రాజెక్టుల్లో ప్యాకేజీలను కదిల్చేటప్పుడు, గిట్ వాడేవారు తరలింపును ఒక కమిట్‌గా, సవరణను మరో కమిట్‌గా వేరు చేయడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

అపోహ: బ్రాంచ్ అంటే ఎక్కడైనా బ్రాంచే.

వాస్తవం: కొత్తవారు అన్నిటికంటే ఎక్కువగా పొరపడేది ఇక్కడే. గిట్‌లో బ్రాంచ్ అనేది ఒక కమిట్‌ను చూపిస్తూ ముందుకు జరిగే పేరు మాత్రమే. డిస్కు మీద చూస్తే అది సాధారణంగా నలభై అక్షరాల హ్యాష్ (కమిట్‌ను గుర్తించే సంకేతం), ఒక కొత్త లైను కలిపి 41 బైట్ల చిన్న ఫైలు. ఏ బ్రాంచ్‌లో ఉండగా ఈ కమిట్ చేశారన్నది కమిట్‌లో ఉండదు. ఫాస్ట్ ఫార్వర్డ్ పద్ధతిలో (విలీన కమిట్ లేకుండా పేరును ముందుకు జరిపి) కలిపేసి బ్రాంచ్‌ను తొలగిస్తే, ఆ పని విడిగా జరిగిందనడానికి చరిత్రలో ఆనవాలే మిగలదు. మెర్క్యూరియల్ నేమ్డ్ బ్రాంచ్ దీనికి పూర్తిగా భిన్నమైనది, ఎందుకంటే దాని పేరు ప్రతి మార్పులోనూ (కమిట్‌లోనూ) అంతర్భాగంగా నమోదవుతుంది. ఆ బ్రాంచ్‌ను మూసివేయవచ్చు గానీ, ఇతరులకు చేరిన తర్వాత పేరును చెరిపివేయలేము. గిట్ బ్రాంచ్‌కు సరిజోడు మెర్క్యూరియల్‌లోని బుక్‌మార్క్. ఇది తెలియక, రెండు రోజుల పనికి కూడా నేమ్డ్ బ్రాంచ్ తెరిచిన బృందాల జాబితా కొన్నేళ్లకే చూడలేనంతగా పెరుగుతుంది. మరోవైపు, ఒక సవరణ ఏ విడుదల కోసం చేశారో ఏళ్ల తర్వాత ఆడిటర్‌కు చూపించవలసిన సంస్థలకు ఆ శాశ్వతత్వమే వరం.

అపోహ: గిట్ చరిత్రను తిరగరాయనిస్తుంది కనుక ప్రమాదకరం, మెర్క్యూరియల్ రాయనివ్వదు కనుక సురక్షితం.

వాస్తవం: రెండింటిలోనూ తిరగరాయవచ్చు. మెర్క్యూరియల్‌లో రీబేస్ (కమిట్లను మరో కమిట్ మీద మళ్లీ పేర్చడం) వంటివి సాధనంతో పాటే వచ్చే ఎక్స్‌టెన్షన్లు. వాటిని మనం ఆన్ చేసుకోవాలి. 2012లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచి ప్రతి మార్పుకూ పబ్లిక్, డ్రాఫ్ట్, సీక్రెట్ అనే దశల్లో ఒకటి ఉంటుంది. ఇతరులకు చేరి పబ్లిక్ అయినదాన్ని సవరించబోతే మెర్క్యూరియల్ తనంత తానే అడ్డుకుంటుంది. గిట్‌కు ఆ ఎరుక లేదు కాబట్టి సర్వర్ మీద నియమాలు పెట్టి ఫోర్స్ పుష్‌ను (సర్వర్‌లోని చరిత్రను బలవంతంగా మార్చడాన్ని) ఆపవలసిన బాధ్యత నిర్వాహకులదే. గిట్‌లో పోయిందనుకున్న కమిట్ సాధారణంగా రీఫ్‌లాగ్‌లో (బ్రాంచులు ఇంతకు ముందు ఏ కమిట్లను చూపాయో రాసే స్థానిక చిట్టాలో) దొరుకుతుంది. ఏ బ్రాంచ్ నుంచీ చేరలేని వాటి నమోదును ముప్పై రోజులు, మిగిలిన వాటిని తొంభై రోజులు ఉంచడం దాని డిఫాల్ట్. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సృష్టికర్త రిచర్డ్ హిప్ రూపొందించిన ఫాసిల్ అనే మూడో సాధనం మాత్రం జరిగింది జరిగినట్టే ఉండాలన్న పట్టుదలతో రీబేస్‌ను కావాలనే పక్కన పెట్టింది.

అపోహ: ఈ సాధనాలు డిస్ట్రిబ్యూటెడ్ (ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర ఉండేవి) కనుక ప్రతి క్లోనూ (నకలూ) పూర్తి బ్యాకప్పే.

వాస్తవం: గిట్ క్లోన్‌తో స్టాష్ (కమిట్ చేయకుండా పక్కన దాచిన పని), రీఫ్‌లాగ్, హుక్స్ (కమిట్ వంటి సందర్భాల్లో తమంత తామే నడిచే స్క్రిప్టులు), ఆ రిపాజిటరీ సెట్టింగులు రావు. మెర్క్యూరియల్ సీక్రెట్ దశలోని మార్పులను పుష్‌లోనూ (ఇతర రిపాజిటరీకి పంపేటప్పుడు) పుల్‌లోనూ (అక్కడి నుంచి తెచ్చుకునేటప్పుడు) పంపదు. పుష్ చేయని పని ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఫాసిల్ డిఫాల్ట్‌గా కమిట్ చేసిన వెంటనే సర్వర్‌తో సింక్ అవుతుంది కాబట్టి ఈ విషయంలో అది కేంద్రీకృత సాధనాలకే దగ్గర.

అపోహ: ఫీచర్లలో మేటి కాబట్టే గిట్ గెలిచింది.

వాస్తవం: లినక్స్ కెర్నల్ బృందానికి బిట్‌కీపర్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనపు ఉచిత వినియోగం ఆగిపోయిన 2005 ఏప్రిల్‌లోనే గిట్, మెర్క్యూరియల్ రెండూ మొదలయ్యాయి. ఆ తర్వాతి పరుగులో సాధనం కంటే హోస్టింగ్ (కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే సేవల) ప్రభావమే ఎక్కువ. పైథాన్ భాష ప్రాజెక్టు 2017లో మెర్క్యూరియల్‌ను వదిలి గిట్‌హబ్‌కు వెళ్లింది, 2020లో బిట్‌బకెట్ అనే మరో హోస్టింగ్ సంస్థ మెర్క్యూరియల్ సేవను ఆపివేసింది. భారీ రిపాజిటరీల విషయంలో మాత్రం కథ వేరుగా నడిచింది. ఫేస్‌బుక్ మెర్క్యూరియల్‌ను తన అవసరాలకు మలచుకుంది. మైక్రోసాఫ్ట్ దాదాపు 300 జీబీల విండోస్ కోడ్‌ను గిట్‌లోకి తెచ్చింది గానీ, అందుకోసం ఒక వర్చువల్ ఫైల్ సిస్టమ్‌నే రాసుకోవలసి వచ్చింది.

తెలుగు అనువాద ఫైళ్లతో పనిచేసేవారి మధ్య వినిపించే మరో అపోహ, తెలుగులో పెట్టిన ఫైలు పేరును గిట్ పాడు చేస్తుందన్నది. గిట్ స్టేటస్ కమాండ్ ఫలితంలో పేరు బదులు బ్యాక్‌స్లాష్‌లు, 340, 260 వంటి అంకెలు కనిపించడం వల్ల ఆ అనుమానం వస్తుంది. అవి యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) బైట్ల ఆక్టల్ రూపాలే. కోర్ విభాగంలోని కోట్‌పాత్ సెట్టింగును ఫాల్స్ చేస్తే పేరు మామూలుగా కనిపిస్తుంది. నిజంగా ఇబ్బంది పెట్టేది యూటీఎఫ్-16లో సేవ్ చేసిన ఫైలు. అందులోని ఖాళీలు, లైను ముగింపుల్లో సున్నా బైట్లు ఉండటం వల్ల గిట్ దాన్ని బైనరీగా భావించి, ఏ లైను మారిందో చూపించదు. ఫైలును యూటీఎఫ్-8లోకి మార్చి కమిట్ చేస్తే, ఆ తర్వాత చేసే సవరణలకు లైన్ల వారీ తేడా కనిపిస్తుంది. పేరా మొత్తం ఒకే లైనులో ఉంటే వర్డ్ డిఫ్ ఆప్షన్‌తో మారిన మాటలను మాత్రమే చూడవచ్చు.