అది దేవుడి మాటా, నానమ్మ మాటా? అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం కంచరపాలెంలో మా సంఘం స్త్రీల కూడిక శనివారం మధ్యాహ్నం మూడింటికి. వంటపని అయిపోయాక, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేలోపు దొరికే గంటన్నర అది. పదకొండేళ్లుగా అక్కడ బైబిలు వాక్యం చెబుతున్నాను. అయ్యాక ఒక్కొక్కరితో విడిగా కూర్చుని కౌన్సెలింగ్ చేస్తాను. కొత్తగా వచ్చినవాళ్ల చేతికి ముందు ఒక నోటుబుక్ ఇస్తాను. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు "నా గురించి నేను అనుకునేది", కుడివైపు "ఇది మొదట ఎవరన్నారు?" అని రాయమంటాను.

ఎడమవైపు గబగబా నిండిపోతుంది. కుడివైపుకి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. గాజువాక నుంచి వచ్చే ఒకావిడ "నేను ఇంటికి బరువు" అని రాసి, ఎదురుగా "దేవుడు" అని రాసింది. ఎక్కడన్నాడమ్మా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఆ మాట కొట్టేసి, "నానమ్మ" అని రాసింది. మూడోదీ ఆడపిల్లే అని తెలిసిన రోజు ఆసుపత్రి వరండాలో అన్న మాటట. వాళ్లింట్లో ఇప్పటికీ దాన్ని జోకులా చెప్పుకుంటారు.

దేవుడు మనల్ని ఎలా చూస్తున్నాడో నేర్చుకోవడంలో సగం పని ఇదేనని నా అభిప్రాయం. ఆయన అనని మాటల్ని ఆయన ఖాతాలోంచి తీసేయాలి. నాకు తరచూ తగిలేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: స్త్రీని "సహాయము"గా చేశాడు, కాబట్టి ఆమెది రెండో స్థానం.

ఆదికాండము 2:18లో ఉన్నది "సాటియైన సహాయము". మనం మొదటి మాట వదిలేసి రెండోది పట్టుకుంటాం. లారీకి డ్రైవరు, పక్కన హెల్పరు అన్నట్టు. అక్కడ హీబ్రూలో ఉన్న మాట ఏజెర్. పాత నిబంధనలో ఆ మాట ఎక్కువసార్లు వచ్చేది దేవుడి గురించే. "యెహోవావలననే నాకు సహాయము కలుగును" అని 121వ కీర్తన కంఠతా చెబుతామే, అక్కడా అదే మాట. అది చదివి దేవుణ్ణి ఎవరూ లారీ హెల్పరు అనుకోరు కదా. ఇక "సాటి" అంటే ఏమిటో తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అపోహ: సామెతలు 31లోని గుణవతి మన మార్కుల షీటు.

పెళ్లిలో ఈ అధ్యాయం చదివించుకుని, జీవితాంతం అందులో ఫెయిలవుతూ ఉంటాం. చీకటితోనే లేస్తుంది, పొలం కొంటుంది, ద్రాక్షతోట నాటుతుంది, రాత్రివేళ ఆమె దీపం ఆరిపోదు. ఒకసారి మా కూడికలో ఒక చెల్లి చెయ్యెత్తి, "మరి ఆవిడ పడుకునేది ఎప్పుడక్కా?" అంది. అందరం నవ్వాం గానీ, ప్రశ్న సరైనదే.

10 నుంచి 31 వరకు ఉన్న ఆ 22 వచనాలు ఒక అక్షరమాల పద్యం. హీబ్రూలో 22 అక్షరాలు. అక్షరానికో వచనం, వరుస తప్పకుండా. మనం అ, ఆ, ఇ, ఈలతో కట్టుకున్నట్టే. ఒక జీవితకాలమంతా కూడబెట్టి పాడిన మెప్పు అది, సోమవారం టైమ్‌టేబుల్ కాదు. పైగా ఆమెకి పనికత్తెలు ఉన్నారు. 15వ వచనంలోనే ఉంది, ఎందుకో ఎవరూ గట్టిగా చదవరు.

ఇంకో సంగతి. మన బైబిల్లో "గుణవతి" అని వచ్చిన హీబ్రూ మాటే రూతు 3:11లో "యోగ్యురాలవు" అని వచ్చింది. యుద్ధవీరుల పరాక్రమానికి వాడే మాట అందులో ఉంది. పొలం యజమాని బోయజు ఆమెను ఆ మాట అన్న రోజుకి రూతు ఎవరు? మోయాబు నుంచి వచ్చిన పరాయిపిల్ల, భర్త పోయినామె, వేరేవాళ్ల చేలో పరిగె ఏరుకుని అత్తను పోషిస్తున్న మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు, కొనడానికి పొలమూ లేదు. అప్పటికే యోగ్యురాలు.

అపోహ: ఆ మూడు రోజులు బల్ల (గుళ్లో అందరూ తీసుకునే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం) ముట్టకూడదు.

దీని గురించి నన్ను చెవిలో అడుగుతారు. "రేపు బల్ల ఉంది కదక్కా, నేను వెనకాల చెప్పుల దగ్గర కూర్చుంటాను." చాలా సంఘాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు కూడా, ఆడవాళ్లే అనుకుని ఆగిపోతారు. మా అమ్మ బతికినంత కాలం ఆగింది. ఇంట్లో మూల కూర్చోబెట్టిన అలవాటు, బాప్తిస్మం తీసుకున్నాక గుళ్లోకి మనతోపాటే వచ్చింది.

లేవీయకాండము 15లో నెలసరికి ఏడు రోజుల మైల నియమం ఉన్నమాట నిజమే. దాన్ని చదివినవాళ్లు మార్కు సువార్త 5 కూడా చదవాలి. అక్కడ 12 ఏళ్లుగా రక్తస్రావం ఆగని ఒకామె జనంలోంచి వెనకగా వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంది. ధర్మశాస్త్రం ప్రకారం ముట్టుకున్నవాళ్లకి మైల ఆమె నుంచి పాకాలి. జరిగింది తలకిందులు, ఆయన నుంచి ఆమెకి స్వస్థత పాకింది. ఆయన అక్కడితో వెళ్లిపోవచ్చు. ఆయన బయల్దేరిందే యాయీరు అనే ఒకతని ఇంటికి. అతని కూతురు చావుబతుకుల్లో ఉంది, తండ్రి పక్కనే కంగారుగా నిలబడ్డాడు. అయినా ఆగి, "ఎవరు?" అని అడిగి, అందరిముందూ ఆమె చేత మాట్లాడించి, "కుమారీ" అన్నాడు. తిట్టలేదు, దూరం జరగలేదు.

మీ సంఘం పద్ధతి వేరుగా ఉంటే మీ అయ్యగారితోనో పాస్టరమ్మగారితోనో మాట్లాడుకోండి, గొడవ పెట్టుకోమనను. "నేను మురికి" అన్న మాట మాత్రం దేవుడి పేరు మీద అనుకోకండి.

అపోహ: నల్లగా ఉన్నందుకు దేవుడు నన్ను తక్కువ చేశాడు.

పరమగీతము 1:5 "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అంటుంది. ఆ "ఐనను" దగ్గర హీబ్రూలో ఉన్నది ఒక చిన్న అక్షరం. దాన్ని "మరియు" అని కూడా చదవొచ్చు. నల్లనిదాన్ని, అందగత్తెని. తర్వాతి వచనంలో ఎండలో తోట కాపలా కాయడం వల్ల నల్లబడ్డానంటుంది. జాలారిపేటలో చేపలమ్మే మా అక్క అది విని, "అయితే నా పాట కూడా ఉందన్నమాట" అంది.

అపోహ: తగ్గింపు (వినయం) అంటే మనల్ని మనం తిట్టుకోవడం.

కాదు. రోమా 12:3 ఎక్కువగా ఎంచుకోవద్దంటుంది, "తగినరీతిగా" ఎంచుకోమంటుంది. తక్కువగా అని లేదు. అలాగని ఫోన్లో వచ్చే "నువ్వు రాణివి, నువ్వు రాకుమారివి" వీడియోలు కూడా నాకు నచ్చవు. పొగడ్త సాయంత్రానికి దిగిపోతుంది. ఆదికాండము 16 చూడండి. అబ్రాము, అతని భార్య శారయి ఇద్దరూ తమ ఇంటి పనిమనిషి హాగరును "దాసి" అంటారే గానీ ఒక్కసారీ పేరు పెట్టి పిలవరు. ఆమె ఎడారిలోకి పారిపోతే అక్కడ దేవదూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. పొగడలేదు, రాణి అనలేదు. ఆమె మాత్రం దేవుడికి "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెట్టింది.

అపోహ: భర్త కొట్టినా భరించడమే సిలువ మోయడం.

మొదటి ఏడాది నేనూ ఒకామెకి "ఇంకాస్త ప్రార్థించమ్మా" అని చెప్పి ఇంటికి పంపాను. రెండు వారాలకి చేతికి కట్టుతో వచ్చింది. అప్పటినుంచి ఆ సలహా మానేశాను. భార్యలు భర్తలకి లోబడమనే ఎఫెసీ 5:22 చదివేవాళ్లు, ఒకరికొకరు లోబడమనే 21 దగ్గర మొదలుపెట్టి, తన శరీరాన్ని ఎవడూ ద్వేషించడు, పోషించుకుంటాడు అనే 29 దాకా చదవాలి. దెబ్బలు తింటున్నవాళ్లు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లోనే వచ్చింది, అది క్రైస్తవులకూ వర్తిస్తుంది.

అపోహ: డిప్రెషన్ వస్తే విశ్వాసం తక్కువైనట్టు.

ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీచెట్టు కింద పడుకుంటే (1 రాజులు 19) దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాటలన్నీ ఆ తర్వాతే. నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తుంటే నేను చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పంపుతాను. వెళ్లడానికి బెరుకుగా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయిస్తాను. ప్రార్థనా చేస్తాం, మాత్రా వేసుకుంటాం.

అపోహ: ఒకసారి వాక్యం అర్థమైతే ఇక పాత మాటలు రావు.

వస్తాయి. గాజువాక ఆవిడ మాతో ఉండబట్టి మూడేళ్లు. మొన్న క్రిస్మస్‌కి కూడిక వంటలో నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "నా వల్ల ఏమవుతుందక్కా, నేను ఇంటికి..." అని ఆగింది. "ఇది నానమ్మది కదూ," అంది తనే. ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.