ప్రైమరీ పిల్లల ఆటలు, ఆరోగ్యం: ట్రైనింగుల్ల నాకు ఎదురయ్యే అపోహలు - వాస్తవాలు

నల్గొండ జిల్లాల ఎస్‌జీటీలకు, అంటె ప్రైమరీ బడుల సెకండరీ గ్రేడ్ టీచర్లకు, వ్యాయామ విద్య, ఆరోగ్య విద్య మీద ట్రైనింగ్ ఇస్తుంట. దేవరకొండ దిక్కు పోయినా, మర్రిగూడ పోయినా, అటు మహబూబ్‌నగర్‌ల ఇదే పని చేసే దోస్తులతోటి మాట్లాడినా అవే మాటలు వినవస్తయి. తప్పు టీచర్లది కాదు, వాళ్లకు ఎవ్వరూ సరిగ్గ చూపియ్యలే, అందుకే ఇది రాస్తున్న.

అపోహ: ఆటలు పీఈటీ (వ్యాయామ టీచర్) పని, మా స్కూల్ల పీఈటీ లేడు.

ప్రైమరీల పీఈటీ వస్తడని ఎదురుచూస్తె పిల్లలు ఐదో తరగతి దాటిపోతరు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్ చూడండి, ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ అని రాసింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అది కూడా పిల్లలు వందకు మించితేనే. అదే షెడ్యూల్‌ల ఆటస్థలం, ఆట సామాన్లు మాత్రం అన్ని బడులకు ఉండాలని ఉంది. అంటే ఒకటి నుంచి ఐదు దాకా ఆడిపిచ్చేది క్లాస్ టీచరే, తెలుగు, లెక్కలు చెప్పే సారే, మేడమే.

అపోహ: బాల్ ఇచ్చి వదిలిపెడితే అదే ఆటల పీరియడ్.

నాకు అన్నిటికన్న బాధ అనిపించేది ఇదే. పలక చేతిల పెట్టి వదిలిపెడితే అక్షరాలు వాటంతట అవే రావు గద, ఉరుకుడు, దుంకుడు, విసురుడు, పట్టుడు కూడా అంతే, నేర్పాలె. వదిలిపెడితే గట్టిగున్న నలుగురైదుగురు పోరగాళ్లు బాల్ గుంజుకుంటరు, ఆడపిల్లలు గోడకు నిలబడతరు, బక్క పిల్లలు చూసుకుంట కూసుంటరు.

పట్టుడు సంగతే చూద్దం. రెండో తరగతి పాపకు బంతి వేయండి, కండ్లు మూసుకుంటది, మొహం పక్కకు తిప్పుతది, చేతులు రెండు కట్టెల్లెక్క ముందుకు చాపి బంతి ఛాతికి తగిలినంక కావలించుకుంటది. దాన్ని చూసి 'నీకు రాదు పో' అనొద్దు, అది ఒక దశ, చాలామంది పిల్లలు అట్లనే మొదలువెడతరు. పాతపేపర్లు ఉండ చుట్టి రబ్బర్ బ్యాండ్లు వేసి మెత్తటి బంతి చేయండి, దాని మీద స్కెచ్ పెన్నుతోటి పెద్ద అంకె రాయండి, రెండడుగుల దూరం నుంచి కింది నుంచి నెమ్మదిగ వేసి 'ఏ అంకె కనవడ్డదో చెప్పు' అనండి. అంకె చూడాలంటె కండ్లు తెరవాల్సిందే. కండ్లు తెరిచిందంటె కొన్ని రోజులల్ల చేతులు బంతి దిక్కు వస్తయి, తర్వాత ఛాతి అవసరం లేకుండ అరచేతులతోనే పడుతది. ఇది చూసే కన్ను టీచర్‌కు రావాలె, నా ట్రైనింగ్ అంతా దీనికోసమే.

అపోహ: లైన్ల నిలబెట్టి ఒక్కొక్కరితోటి చేపిస్తె క్రమశిక్షణ.

లెక్క మీరే చేయండి. 30 మంది, ఒక్క బాల్, ఒక్కొక్కరికి 20 సెకండ్లు అంటె వంతు తిరిగి వచ్చేసరికి 10 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్‌ల ఒక్కో పిల్లకు దొరికేది 80 సెకండ్లు, మిగతాదంత ఎండల నిలబడుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏండ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒంటికి కష్టం కలిగే కదలిక ఉండాలంటది. ఇద్దరికొక పేపర్ బంతి ఇయ్యండి, అందరు ఒక్కసారే ఆడతరు. ఔటైనోళ్లు పక్కకు కూసునే ఆటలు కూడా తగ్గించండి, ఎందుకంటె ముందుగాల ఔటయ్యేది ఆట ఎక్కువ అవసరమున్న పిల్లనే. ఔటైతే ఐదు దుంకులు దుంకి మళ్ల ఆటలకు రావాలని రూల్ పెట్టండి, సరిపోతది. గ్రౌండ్ చిన్నగున్నా తొక్కుడుబిళ్ల, కుంటుడు ఆటలకు ఏం కాదు, ఒంటికాలు మీద నిలదొక్కుకునుడు అండ్లనే వస్తది.

అపోహ: తప్పు చేస్తె గుంజీలు, గ్రౌండ్ చుట్టు రౌండ్లు. ఎట్లయినా వ్యాయామమే గద.

కాదు. శిక్షగ ఉరికినోడికి ఉరుకుడు మీదనే కోపం వస్తది. శారీరక శిక్ష విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషేధం కూడా. హోంవర్క్ చెయ్యలేదని ఆటల పీరియడ్ బంద్ చేసుడు కూడా మానాలె.

అపోహ: ఆటలకు టైం ఇస్తె చదువు వెనకవడుతది.

ప్రైమరీ పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు గట్టిగ రావాలని సర్కారు పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం వచ్చినంక ఈ భయం ఎక్కువైంది, టీచర్ల మీద ఒత్తిడి ఉన్నది నిజమే. కాని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2010ల 50 అధ్యయనాలు కలిపి చూస్తె, బడిల కదలికకు చదువుకు ఉన్న సంబంధాలల్ల దాదాపు సగం మంచివైపే ఉన్నయి, మిగతా దాదాపు అన్నిట్ల పెద్ద తేడా కనవడలే, చెడ్డవైపు తేలింది నూటికి రెండు కూడ లేవు.

అపోహ: పండ్ల మీద గార ఉందంటె ఆ పిల్ల సరిగ్గ తోముకోదు.

మన జిల్లాల ఈ మాట మస్తు జాగ్రత్తగ అనాలె. మునుగోడు, మర్రిగూడ దిక్కు పసుపు, గోధుమ మచ్చలు చాలాసార్లు ఫ్లోరోసిస్. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే, దాదాపు ఎనిమిదేండ్ల లోపల్నే, నీళ్లల్ల ఎక్కువున్న ఫ్లోరైడ్ పింగాణి పొరను చెడగొడుతది. బయటికి వచ్చినంక ఎంత తోమినా పోదు. క్లాసుల అందరి ముందు ఆ పిల్లను లేపి 'పండ్లు తోముకో' అంటె, ఆమె చెయ్యని తప్పుకు తల వంచుకోవాల్సొస్తది. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకపోతె 1.5 దాకా అని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంక చిక్కవడుతది. ఇంట్ల బోరు నీళ్లా, మిషన్ భగీరథ కింద సర్కారు ఇచ్చే నల్లా నీళ్లా అని పిల్లల్ని నెమ్మదిగ అడిగి తెలుసుకోండి, అమ్మానాయినలకు చెప్పండి, అదే ఆరోగ్య పాఠం.

నులిపురుగుల మాత్ర గురించి కూడా భయాలున్నయి. పురుగులు ఎక్కువున్న పిల్లలకు కొద్దిగ కడుపునొప్పి, వికారం రావచ్చు, తగ్గిపోతది. మాత్ర నమిలి మింగాలె, ఆరోజు జ్వరమున్న పిల్లకు వెయ్యొద్దు.

అపోహ: చీర కట్టుకున్న, మోకాళ్ల నొప్పి, నేనెట్ల ఆడిపియ్యాలె?

మీరు దుంకనవసరం లేదు మేడం. చేసి చూపియ్యడానికి ఒక పిల్లను పిలవండి, మీరు చూసి 'మోకాలు వంచి దిగు' అని చెప్పండి. ట్రైనింగుల చాలా బాగ గమనించేది యాభై దాటిన మేడమ్స్‌నే, పిల్లల్ని చూసిన అనుభవం వాళ్లకే ఎక్కువ.

అపోహ: ఒక్కరోజు హాల్ల పీపీటీ చూపిస్తె ట్రైనింగ్ అయిపోయినట్టే.

ఇది ట్రైనింగ్ ఇచ్చే మావోళ్లకు చెప్తున్న. స్లయిడ్ చూసి ఈత ఎవ్వరికి రాదు. పక్కబడి పిల్లల్ని పిలిపిచ్చి ఒక్కో టీచర్‌తోటి పది నిమిషాలు ఆడిపియ్యండి, ఇంకో టీచర్ ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టుకోని, మూలకు నిలబడ్డ ఒక్క పిల్లనే ఎంచుకోని, ఆ పిల్ల కదిలినప్పుడే నొక్కి ఆగంగనే ఆపాలె. పది నిమిషాలల్ల ఆ పిల్ల ఎన్ని నిమిషాలు కదిలిందో ఇద్దరు కలిసి చూసుకోని, సామాను పెంచాల్నా, గుంపులు చిన్నవి చెయ్యాల్నా మాట్లాడుకోని, అదే ఆట మళ్లొక్కసారి ఆడిపియ్యాలె. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల ఒక గంట దీనికి ఇయ్యమని హెచ్‌ఎంలను అడగండి, కావాల్సింది పాతపేపర్లు, రబ్బర్ బ్యాండ్లు, ఒక ఫోను, అంతే.