మనీ ప్లాంట్: నీళ్ల కంటే ముందు వెలుతురు

హైదరాబాద్‌లో ఇళ్లకీ ఆఫీసులకీ మొక్కలు ఇచ్చి, వాటి బాగోగులు చూడడం నా వృత్తి. అందరూ అడిగి తీసుకునేది మనీ ప్లాంట్. ఎక్కువ ఫిర్యాదులు వచ్చేదీ దాని మీదే. "చావని మొక్క అన్నారు, మా ఇంట్లో ఎందుకు పోతోందండీ?" అని అడుగుతారు. చాలాసార్లు కారణం ఒక్కటే: మొక్కకి ఎన్ని నీళ్లు పొయ్యాలో ఆలోచిస్తాం గానీ, దానికి ఎంత వెలుతురు అందుతోందో చూడం.

అపోహ: చీకటి మూలలో పెట్టినా పెరుగుతుంది.

వెంటనే చచ్చిపోదు, అంతే. అప్పటికే ఆకుల్లో, తీగలో దాచుకున్న శక్తితో కొన్ని నెలలు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది, కొత్తాకు పాతాకు కంటే చిన్నదిగా వస్తుంది, ఆకు మీది పసుపు చారలు తగ్గి పచ్చదనం మిగులుతుంది. ఈ మూడూ కనిపిస్తే చోటు మార్చాలి. మన కళ్లు తక్కువ వెలుతురుకి త్వరగా సర్దుకుపోతాయి కాబట్టి గది మనకి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దీనికో చిన్న పరీక్ష ఉంది. మధ్యాహ్నం పూట మొక్క ఉన్న చోట తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు ఎత్తులో అరచెయ్యి చాచండి. మసకగా అయినా చేతి ఆకారం తెలిసేలా నీడ పడితే చాలు. నీడే పడకపోతే ఆ చోటు మొక్కకి చీకటే. అలాగని కిటికీలోంచి నేరుగా పడే పడమటెండలో పెట్టకండి, ఏప్రిల్, మే నెలల్లో ఆకులు మాడిపోతాయి.

వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టాలని చాలామంది అంటారు. ఆ మూలలో వెలుతురు ఉంటే నిశ్చింతగా పెట్టుకోండి. లేకపోతే దగ్గర్లో ఒక ఎల్‌ఈడీ లైటు రోజూ పది పన్నెండు గంటలు వెలిగేలా చూడండి.

అపోహ: రోజూ గ్లాసుడు నీళ్లు పొయ్యాలి.

ఆకులు వెలుతురులో పనిచేస్తున్నప్పుడే వేర్లు నీళ్లు లాగుతాయి. వెలుతురు తక్కువైన గదిలో పోసిన నీళ్లు కుండీలోనే నిలిచిపోతాయి, వేర్లకి గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది. అందుకే రోజుల లెక్క పెట్టుకోకండి. వేలు రెండు గణుపుల లోతు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే పొయ్యండి. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పొయ్యండి, కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబొయ్యండి.

ఆకులు పసుపెక్కగానే దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోసేస్తారు. అడుగున ఉన్న ముదురాకు ఒకటి పండి రాలితే టెన్షన్ పడనక్కర్లేదు, దాని కాలం తీరింది. మట్టి తడిగా ఉండగానే నాలుగైదు ఆకులు ఒకేసారి పసుపెక్కితే మాత్రం కుండీని పక్కకి వంచి, మట్టిముద్దతో సహా మొక్కని బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరుని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే పైతొక్క జారి చేతిలోకి వచ్చేస్తుంది, లోపలి సన్నటి పోగు మాత్రం మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించి, కొత్త మట్టిలో, కాస్త చిన్న కుండీలో నాటండి. నేను ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమానంగా కలిపి, గుప్పెడు ఇసుక చేరుస్తాను.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగిపోతాయన్నదీ నిజం కాదు. మట్టిలోని నీరు కింద ఉన్న రాళ్లలోకి వెంటనే జారదు, రాళ్లకి పైన ఉన్న మట్టిలోనే నిలుస్తుంది. అంటే తడి పొర వేర్లకి ఇంకా దగ్గరవుతుంది. కావలసింది అడుగున రంధ్రం. అందం కోసం కొన్న కుండీకి రంధ్రం లేకపోతే మొక్కని మామూలు ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని ఇందులో దించుకోండి.

ఇంకో సంగతి. మాకు మొక్కలు ఎక్కువగా కడియం నర్సరీల నుంచి వస్తాయి. గోదావరి ఒడ్డున తేమగాలిలో, షేడ్ నెట్ కింద పెరిగిన మొక్క మన ఫ్లాట్‌లోని పొడిగాలికి అలవాటు పడేదాకా కొన్ని ఆకులు రాల్చుకుంటుంది. ఆ సమయంలో ఎరువులు వెయ్యడం, కుండీ మార్చడం లాంటివి చెయ్యకండి.

అపోహ: మనీ ప్లాంట్ ఆకులు ఇంతే, చిన్నవి.

కోస్తాలో కొబ్బరిచెట్టుకో మామిడిచెట్టుకో పాకిన మనీ ప్లాంట్‌ని చూసినవాళ్లు ఈ మాట అనరు. ఇది పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా దీవికి చెందిన తీగ. చెట్టెక్కుతున్న కొద్దీ ఆకులు పెద్దవై, అంచులు చీలికలుగా వస్తాయి. కిందికి వేలాడదీస్తే చిన్నబోతాయి. కాబట్టి పెద్దాకులు కావాలంటే కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతి, కణుపుల దగ్గరి గాలివేర్లు దానికి తగిలేలా కట్టి, ఆ పీచుని తడుపుతూ ఉండండి.

అపోహ: సీసాలో నీళ్లు పోసి పెడితే ఇక చూడనక్కర్లేదు.

నీళ్లలో ఏళ్ల తరబడి బతుకుతుంది, నిజమే. కానీ డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా ఇలాంటి నిలవ నీళ్లలోనే. వారానికోసారి నీళ్లు మార్చడం తప్పనిసరి. మార్చడంతో సరిపెట్టకండి. ఈ దోమ గుడ్లు సీసా లోపలి గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు. బ్రష్‌తో లోపలంతా రుద్ది కడగాలి. మా మొక్కలున్న ఆఫీసుల్లో ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

దొంగిలించి తెచ్చిన మొక్కే బాగా పెరుగుతుందని ఇంకో నమ్మకం. ఎక్కడి నుంచి తెచ్చినా కొమ్మకి కనీసం ఒక కణుపు ఉండాలి, ఎందుకంటే వేరు పుట్టేది అక్కడే. ఈ మొక్క పూయడం దాదాపు ఎక్కడా కనిపించదు. పూతకి అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోన్‌ని తయారుచేసుకునే జన్యువు దీనిలో సరిగా పనిచెయ్యదని 2016లో తేలింది. పువ్వు లేదు, విత్తనమూ లేదు. కొమ్మలు తుంచి ఇచ్చిపుచ్చుకోవడం వల్లే ఇన్ని ఇళ్లకి చేరింది. అడిగితే ఎవరూ కాదనరు.

పాలు, పంచదార నీళ్లు పొయ్యకండి, చీమలూ బూజూ వస్తాయి. ఆకుల మెరుపు కోసం కొబ్బరినూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఇలాంటి మొక్కలతో ఇంట్లో గాలి శుభ్రమవుతుందన్న ప్రచారానికి మూలం 1989 నాటి నాసా నివేదిక. ఆ ప్రయోగాలు చేసింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. మామూలు భవనంలో గాలి మార్పిడి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని 2019లో కమింగ్స్, వారింగ్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. కిటికీ తెరవండి, మొక్కని కళ్లకి హాయి కోసం పెంచండి.

చివరగా, మనీ ప్లాంట్ విషం కాదని చాలామంది అనుకుంటారు. కంద, చేమలది, దీనిదీ ఒకటే కుటుంబం. కంద తరిగితే చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు దీని ఆకుల్లోనూ ఉన్నాయి. పిల్లలు గానీ, కుక్కా పిల్లీ గానీ నమిలితే నోరు మండి, చొంగ కారి, నాలుక వాస్తుంది. ప్రాణం మీదికి రావడం అరుదు. నోట్లోని ముక్కలు తీసి, నీళ్లతో కడిగి, వాపు పెరుగుతున్నా మింగలేకపోతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాకే వయసు పిల్లలున్న ఇళ్లకి నేను దీన్ని నేల మీద పెట్టే కుండీలో ఇవ్వను, చేతికందని ఎత్తులో వేలాడే కుండీలోనే ఇస్తాను. తీగ కిందికి దిగినప్పుడల్లా కత్తిరిస్తూ ఉండమంటాను.