కర్రసాము ఎందుకు చేస్తాం, ఎందుకు నేర్పుతాం: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు పిల్లల్ని తాలింఖానాకి (సాము నేర్పే చోటుకి) పంపే ముందు పెద్దవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే.

అపోహ: "కొట్లాటకి కాకపోతే ఇంకెందుకేటి?"

5 అడుగుల కర్ర పట్టుకుని ఎవరూ బజారుకి వెళ్లరు. మణికట్టు, అడుగు, చూపు ఒక్క లయలో పడటమే సాము. ఎడమచేత్తో ఎనిమిది అంకెలా తిప్పడానికే చాలామందికి నెలలు పడుతుంది. ఆ పంతం కోసమే ఏళ్ల తరబడి వదలరు.

అపోహ: సాము చేస్తే కోడి రామ్మూర్తి అయిపోతారు.

వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లయోధుడి బలం వ్యాయామానిది, కుస్తీది. కర్రతో భుజం, మణికట్టు చురుకవుతాయి. కండలు కావాలంటే దండీలు, బస్కీలు తీయాల్సిందే.

అపోహ: కర్రని బిగించి పట్టుకోవాలి.

ఎక్కువమంది చెడిపోయేది ఇక్కడే. తిప్పేటప్పుడు పట్టంతా బొటనవేలు, చూపుడువేలు మధ్యే. మిగతా మూడు వేళ్లూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. పిడికిలి బిగిస్తే మణికట్టు తిరగదు. దాని పని మోచెయ్యి మీద పడుతుంది. మోచెయ్యి పక్కకి విచ్చుకోగానే కర్ర కొస సొంత చెవికో మోకాలికో తగులుతుంది. చంకలో తువ్వాలు మడిచి పెట్టి తిప్పించండి, అది జారితే తప్పెక్కడుందో పిల్లాడికే తెలుస్తుంది. దెబ్బ కాచుకునేటప్పుడు మాత్రం పిడికిలి మూయాలి. బొటనవేలు కర్ర వెంబడి చాపితే ఎదుటి కర్ర జారుకుంటూ వచ్చి దాన్నే చితకొడుతుంది.

అపోహ: నేర్పడంలో పడితే సొంత సాధన పోతుంది.

మా అనుభవంలో ఇది తలకిందులు. ఎదురుగా నిలబడి చూపిస్తే పిల్లలు అద్దంలో చూసినట్టు కుడికి ఎడమ చేస్తారు. అందుకని గురువు వీపు చూపించి అయినా నేర్పాలి, తనే ఎడమచేత్తో అయినా చెయ్యాలి. గురువుల ఎడమచెయ్యి బాగుపడేది అలాగే. పైగా ఏళ్లుగా అలవాటైన అడుగుని విడగొట్టి చెప్పమంటే ముందు ఏ కాలు కదులుతోందో తడుముకునేవాళ్లే ఎక్కువ. కోడి రామ్మూర్తి కూడా విజయనగరంలో వ్యాయామం నేర్పినవారే.

అపోహ: ఆడపిల్లలకి పనికిరాదు.

కర్రకి ఆ తేడా తెలీదు. నుదుటి ఎత్తుకి మించని, తేలికైన కర్ర ఇవ్వండి, చాలు.

అపోహ: విజయనగరం పైడితల్లమ్మ పండక్కి పది రోజుల ముందొస్తే సరిపోతుంది.

ఆ పది రోజుల్లో వచ్చే విద్య ఊరేగింపులో పక్కవాడి తల పగలగొట్టడానికే చాలుతుంది. 5 అడుగుల కర్రని నడిమికి పట్టి చెయ్యి చాపితే, పెద్దవాళ్ల చేతిలో అది చుట్టూ నాలుగున్నర అడుగులు తుడుస్తుంది. అందుకే ఇద్దరి మధ్య 10 అడుగులు లేనిదే మొదలుపెట్టకూడదు.

అపోహ: చీలిన కర్రకి గుడ్డ చుడితే ఇంకో ఏడాది వస్తుంది.

రోజూ తిప్పే ముందు కర్రని నేల మీద తట్టి వినండి. మోత బొంగురుగా వస్తే గణుపు దగ్గర వేలితో తడిమి చూడండి. పేడు లేచి కంట్లో పడేది అలాంటి కర్రలోంచే. దాన్ని పొయ్యిలోకి పంపేయండి.